తెచ్చుకున్నాక ఉసూరుమనిపించిన తుపాకులు: తరచుగా అడిగే ప్రశ్నలు

పోలీసు శాఖలో ఆర్మరర్‌గా పనిచేసి, ఇప్పుడు అనంతపురంలో ఇంటిపట్టున ఉంటున్నాను. ఆర్మరర్ అంటే తుపాకి పేల్చేవాడు అనుకుంటారు చాలామంది. కాదు. విప్పి, తుడిచి, పాడైన భాగం మార్చి, మళ్లీ బిగించేవాడు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లకు చేరతాయి కాబట్టి, ఎవరింట్లో ఏ తుపాకి ఎంత అధ్వానంగా ఉందో ఆ ఇంటివాళ్ల కంటే నాకే బాగా తెలిసేది. ఉద్యోగం అయిపోయినా అడిగేవాళ్లు తగ్గలేదు. కర్నూలు నుంచి, కడప నుంచి కూడా ఫోన్లు వస్తాయి. అడిగిందే అడుగుతారు, చెప్పిందే చెబుతాను. అందుకని ఒకచోట రాసి పెడుతున్నాను.

లక్షకు పైగా పోసి పాయింట్ 32 రివాల్వర్ కొన్నాను. తీరా పేల్చి చూస్తే టపాకాయలా ఉంది. మోసపోయానా?

మోసం ఏమీ జరగలేదు. మీరు మనసులో కొనుక్కున్నది ఒకటి, చట్టం మీ చేతికి ఇచ్చింది ఇంకొకటి. బోరు అంటే గొట్టం లోపలి కొలత. 9 ఎంఎం పిస్తోలు నిషిద్ధ బోరు, మామూలు పౌరుడికి దక్కదు. నడుముకు పెట్టుకునే ఆయుధం కావాలంటే ఎక్కువమందికి మిగిలేది పాయింట్ 32. ఆ తూటా 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో పుట్టింది. గుండు బరువు 6 గ్రాముల పైచిలుకు, వేగం సెకనుకు 200 మీటర్లు, ఇంకొంచెం. పన్నెండు బోరు పొడవు తుపాకి తూటాలో రవ్వల (చిన్న సీసపు గుళ్ల) బరువే 30 గ్రాములు దాటుతుంది, వేగమూ దీనికంటే బాగా ఎక్కువ. ఈ రెండింటికీ పోలిక పెట్టుకుంటే నిరాశ తప్పదు.

అసలు నిరాశ వేరే చోట ఉంది. ఒకసారి ఒక కాంట్రాక్టరు పదిహేను అడుగుల దూరంలో తలుపంత అట్ట నిలబెట్టించి ఆరు తూటాలు కాల్చారు. అట్టకు తగిలినవి రెండు. మిగతా నాలుగూ వెనక మట్టికట్టలోకి పోయాయి. రివాల్వర్ తిప్పి చూశాను, ఏ లోపమూ లేదు. సుత్తిని (తూటా వెనక కొట్టే భాగాన్ని) ముందుగా లేపకుండా నేరుగా మీట నొక్కితే ఒకే వేలు సుత్తినీ లేపాలి, తూటాల చక్రాన్నీ తిప్పాలి. ఆ బరువుకు చేయి వణుకుతుంది, గొట్టం కిందికి వాలుతుంది. కొన్న తొమ్మిదేళ్లలో ఆయన దాన్ని పేల్చింది ఆ రోజే. పెళ్లిళ్లకు మాత్రం క్రమం తప్పకుండా తీసుకెళ్లేవారు.

పెళ్లి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఊరేగింపులో సరదాకి గాలిలో పేల్చి ఎవరి ప్రాణానికైనా ముప్పు తెస్తే, 2019లో చేసిన సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. పైకి పోయిన గుండు పైనే ఉండిపోదు.

వేరుశనగ చేను అడవిపందుల పాలవుతోంది. పన్నెండు బోరు కొన్నా ప్రయోజనం కనిపించలేదు. ఎందుకు?

ముందు చట్టం మాట. మీ లైసెన్సులో ఆత్మరక్షణ అని ఉన్నా, పంట రక్షణ అని ఉన్నా, అది తుపాకి ఉంచుకోవడానికి అనుమతి. పందిని చంపడానికి అనుమతి వేరే, అది అటవీశాఖ చేతిలో ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు పడితే పంట నష్టం సాకు చెల్లదు.

ఇక తుపాకి సంగతి. ఆరో నంబరు రవ్వ పిట్టలకు సరిపోతుంది. అడవిపంది భుజం మీద చర్మం మందం, కింద కొవ్వు, దానికింద ఎముక. ముప్పై గజాల అవతల ఆ రవ్వ దానికి దురద పుట్టిస్తుంది, అంతే. గాయపడ్డ పంది పారిపోతే ఒక బాధ, ఎదురు తిరిగితే ఇంకో బాధ. పెద్ద రవ్వ వేస్తే బలం ఉంటుంది కానీ, రాత్రిపూట చేను అవతల ఎవరు కాపలా పడుకున్నారో మీకు కనిపించదు. అలా పొరపాటున మనిషికి తగిలినప్పుడు జరిగే పంచనామాలకు నన్నూ పిలిచేవారు. తుపాకిలో లోపం ఉందా అని అడిగేవారు. ఒక్కసారీ లేదు.

నిజం చెప్పాలంటే మన రైతులకు తుపాకి చప్పుడుగా మాత్రమే ఉపయోగపడింది. ఆ పని ఖాళీ డబ్బా కూడా చేస్తుంది. చేను చుట్టూ పాత చీరలు కట్టే పద్ధతికి ఖర్చు తక్కువ, దానికి లైసెన్సు అక్కర్లేదు. కరెంటు తీగ మాత్రం వద్దు. దానికి పంది ఎవరో, పక్క పొలం పాలేరు ఎవరో తెలియదు.

తాతగారి డబుల్ బ్యారెల్ ఇంట్లో ఉంది. గొట్టాల మీద నీటి అలల్లాంటి చారలున్నాయి. చాలా విలువైనదంటున్నారు. పేల్చవచ్చా?

ఈ ప్రశ్నకు కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే రాయలసీమ పాత ఇళ్లలో అటకల మీద, గోడ మేకులకు వేలాడేవాటిలో ఈ రకమే ఎక్కువ.

ఆ చారలున్న గొట్టాలను డమాస్కస్ అంటారు. ఇనుము, ఉక్కు పట్టీలను కలిపి మెలితిప్పి, కడ్డీ చుట్టూ చుట్టి, కొలిమిలో కాల్చి సమ్మెటతో అతికించినవి. చూడ్డానికి పట్టుచీర అంచులా ఉంటాయి. కానీ అవి పొగ వచ్చే పాత నల్ల తుపాకిమందు కాలానికి చేసినవి. ఇప్పటి తూటాల్లో ఉండేది పొగలేని మందు, దాని ఒత్తిడి లెక్క వేరు. పైగా ప్రతి అతుకూ లోపల ఏళ్లతరబడి తుప్పు దాచుకోగలదు. పైకి నిగనిగలాడుతున్న గొట్టం లోపల ఎక్కడ పలచబడిందో కంటితో చెప్పలేం. కాబట్టి నా సమాధానం: పేల్చకండి.

చారలు లేని పాత తుపాకి అయితే గొట్టాలను కుందా (చెక్క పిడి) నుంచి విడదీసి, అడుగున ఉన్న ముద్రలు చూడాలి. గుడ్డు ఆకారంలో ఇ, ఎల్, జి అనే ఆంగ్ల అక్షరాలుంటే బెల్జియంలోని లియేజ్ పరీక్షాశాల ముద్ర. చవకగా మన దేశానికి చేరినవాటిలో బెల్జియం సరుకు చాలా ఉంది. ఇంగ్లీషు తుపాకులకు లండన్ లేదా బర్మింగ్‌హామ్ ముద్ర ఉంటుంది. కిరీటాలు, కత్తులు చూసి మురిసిపోకుండా, ‘నైట్రో’ అనే మాట ఉందా అని చూడాలి. లేకపోతే దాన్ని పొగలేని మందుకు పరీక్షించకపోయి ఉండవచ్చు.

ఇంకో గండం తూటా పొడవు. గొట్టం వెనక తూటా కూర్చునే గది పాత ఇంగ్లీషు తుపాకుల్లో చాలావాటికి 2½ అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు అంగట్లో 70 మిల్లీమీటర్ల తూటాలూ దొరుకుతాయి. 70 తూటా 65 గదిలో పట్టదులే అనుకుంటారు. హాయిగా పడుతుంది, అదే ప్రమాదం. పెట్టె మీద రాసే కొలత తూటా పేలి, మూతి విచ్చుకున్న తరువాతి పొడవు. పేలకముందు మూతి లోపలికి మడిచి ఉంటుంది కాబట్టి పొట్టిగా కనిపిస్తుంది. పేలినప్పుడు ఆ మడత విప్పుకోవడానికి చోటు లేక గొట్టం సన్నబడే చోట అడ్డం పడుతుంది, ఒత్తిడి పెరిగిపోతుంది. తుపాకి ఒక్కసారిగా పగలకపోవచ్చు. కొద్దికొద్దిగా వదులై, ఒకరోజు చేతిలో కీళ్లూడుతుంది.

తాడిపత్రి వైపు నుంచి ఒకసారి అన్నదమ్ములిద్దరు వచ్చారు. తండ్రి పోయాక తుపాకి నాదంటే నాదని ఏడాదిగా మాటల్లేవట. గొట్టాల జతను విడదీసి, కొక్కేనికి దారం కట్టి వేలాడదీసి, వేలి కణుపుతో కొట్టాను. జత బాగుంటే గుడి గంటలా ‘టంగ్’మని సాగుతుంది. ఇది పగిలిన కుండలా ‘టప్’మంది. రెండు గొట్టాలనూ కలిపే పట్టీ అతుకు వదిలేసిందని అర్థం. లోపల నీరు దిగి ఎన్నేళ్లయిందో. సంగతి చెప్పాను. ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. తరువాత పెద్దాయన, “అయితే తమ్ముడే తీసుకోనీ సార్, చిన్నవాడు కదా” అన్నారు. తమ్ముడు, “అన్న ఉండగా నాకెందుకు సార్” అన్నాడు. ఏడాది తరువాత వాళ్లు ఒకరి గురించి ఒకరు మాట్లాడుకున్న మొదటి మంచిమాట అదేనేమో.

వారసత్వం గురించి ఒక్క ముక్క. లైసెన్సుదారు మరణించాక చట్టబద్ధ వారసుడు దరఖాస్తు చేసుకోవచ్చు. బతికి ఉండగానే ఇవ్వాలంటే ఆయనకు 70 ఏళ్లు నిండాలి, లేదా ఆ తుపాకి ఆయన దగ్గర 25 ఏళ్లు ఉండాలి, ఏది ముందైతే అది. 2016 నాటి ఆయుధ నిబంధనల్లో ఉంది. కానీ తాత లైసెన్సుతో మనవడు తుపాకి ఇంట్లో ఉంచుకోవడం కుదరదు. కొత్త లైసెన్సు వచ్చేదాకా అది స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో ఉండాలి. ఇదివరకు ఒకరికి మూడు తుపాకులు ఉండవచ్చు, 2019 సవరణతో రెండుకు తగ్గాయి. వారసత్వంగా వచ్చినా రెండే.

మీట నొక్కితే ‘టక్’మంటుంది, పేలదు. తుపాకిదా తప్పు, తూటాదా?

ముందు గొట్టం సురక్షితమైన దిక్కుకే పెట్టి ముప్పై సెకన్లు కదలకుండా ఉండండి. మందు ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంది. వెంటనే తెరిచి ముఖం దగ్గర పెట్టుకుని చూసేవాళ్లను చూస్తే నాకు చెమటలు పడతాయి.

తరువాత తూటా వెనక టోపీ (పిన్ను వచ్చి కొట్టే చోటు) చూడండి. నొక్కు లోతుగా పడి పేలకపోతే తూటాది తప్పు. నొక్కు పైపైన పడితే పిన్ను అరిగిందో, స్ప్రింగు బలం తగ్గిందో, లోపల నూనె గడ్డకట్టిందో. నేను చూసినవాటిలో సగానికి సగం తూటాల తప్పే. మన ఎండలకు రేకుల కింద అటక మీద ఏళ్లతరబడి పెట్టిన తూటా మందు మందులా ఉండదు. అట్టతో చేసిన పాత తూటాలైతే తేమకు ఉబ్బి గదిలోకే దూరవు. సానబట్టి దూర్చినవారూ ఉన్నారు.

‘టక్’ కంటే ‘తుస్సు’ భయంకరం. చప్పుడు చిన్నగా వచ్చి, గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. బయటకు పోయిందనుకుని రెండోది పేలిస్తే గొట్టం ఉబ్బుతుంది, లేదా చీలుతుంది. అలాగే ఇరవై బోరు తూటా పన్నెండు బోరు గొట్టంలో పడితే జారి ముందుకు పోయి చిక్కుకుంటుంది. పైకి ఖాళీగా కనబడుతుంది, దాని వెనక ఇంకోటి పెట్టవచ్చు. ఆ తరువాత ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఇరవై బోరు తూటాలకు పసుపు రంగు వేసే ఆనవాయితీ అందుకే వచ్చింది.

అనంతపురం ఎండు ప్రాంతం కదా, అయినా తుప్పు ఎందుకు పడుతోంది?

తుప్పుకు వాన అక్కర్లేదు, మీ చెమట చాలు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఊళ్లో కూడా, ముట్టుకున్న చేతి వేలిముద్రలు గొట్టం మీద ఎర్రగా తేలిన తుపాకులు చూశాను. రెండో కారణం తోలు సంచి. అందంగా ఉందని అందులోనే పెట్టి బీరువాలో దాస్తారు. తోలు తేమను పీల్చుకుని వదలదు, పదును చేసిన ఉప్పులు దానిలోనే ఉంటాయి. తోలు సంచి మోసుకుపోవడానికే.

మూడోది వంటింట్లోంచి వస్తుంది. కొబ్బరినూనె, వేరుశనగ నూనె. ఇంట్లో దొరికింది కదా అని నిండా పోస్తారు. నాలుగు నెలలకు అది జిగురవుతుంది, దానికి మన ఎర్ర దుమ్ము తోడై అప్పడాల పిండిలా ముద్ద కడుతుంది. ఒకసారి ఒక తుపాకి తాళం (సుత్తి, మీట ఉండే యంత్రం) విప్పితే చీమలు కనిపించాయి. సన్నటి యంత్రపు నూనె రెండు చుక్కలు వేసి, పొడిగుడ్డతో తుడిచేయండి. నూనె కారుతున్నట్టు కనిపిస్తే ఎక్కువైనట్టే.

ఎన్నికలకు డిపాజిట్ చేసిన తుపాకి పాడై తిరిగొచ్చింది. ఎవరిని అడగాలి?

2024లో మార్చి 16న షెడ్యూలు వచ్చింది, జూన్ 4న ఫలితాలు. నడుమ 80 రోజులు. అన్ని రోజులు వందల తుపాకులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే గీతలు పడతాయి. మా గదిలోనూ పడ్డాయి, ఒప్పుకుంటాను. ఇచ్చే ముందు శుభ్రం చేసి నూనె రాసి ఇవ్వండి. రసీదులో నంబరుతో పాటు కుందా మీద గీతలు, పగుళ్లు రాయించుకోండి. ఫోటోలు తీసుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే తెరిచి చూసి సంతకం పెట్టండి. ఇంటికెళ్లాక వచ్చే ఫిర్యాదు నిలబడదు. నిజానికి ఆ ఫిర్యాదుల్లో చాలా తుప్పులు మా దగ్గర పట్టినవి కావు, మా దగ్గర మొదటిసారి కనబడినవి.

విదేశీ పిస్తోలు ఆరేడు లక్షలంటున్నారు. అంత విలువ చేస్తుందా?

ఇనుముకు అంత విలువ లేదు, దొరకకపోవడానికి ఉంది. 1980ల మధ్య నుంచి పౌరుల కోసం తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోయింది. అంతకుముందు వచ్చినవే చేతులు మారుతున్నాయి. యాభై అరవై ఏళ్ల వయసున్న పిస్తోలుకు స్ప్రింగు విరిగితే కొత్తది ఎక్కడా దొరకదు. చేత్తో అరగదీసి చేయాలి, ఆ పని తెలిసినవాళ్లు తగ్గిపోయారు. తూటాలు నింపే మ్యాగజైను పోతే అది ఒక్క తూటా పిస్తోలు. ఆరు లక్షలు పెట్టి కాగితాల బరువు కింద వాడే పెద్దమనిషి ఒకరు నాకు తెలుసు. పేరు గొప్ప ఊరు దిబ్బ.

నాటు తుపాకి చవక కదా?

ఏ పైపుతో చేశారో చేసినవాడికే తెలియదు. పేలినప్పుడు ముందుకు పోతుందో వెనక్కి వస్తుందో వాడికీ తెలియదు. లైసెన్సు లేకుండా తయారుచేస్తే ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష. ముందునుంచి మందు కూరే తుపాకికి పంట రక్షణ కోసం లైసెన్సు ఇచ్చే వీలు 1959 చట్టంలోనే ఉంది. అడగకుండా చాటుగా చేయించుకోవడం ఎందుకు? రెండు వేళ్లు లేని చేతులు చూశాను. ఇంతకంటే రాయను.

సైన్యాలకు కూడా ఇలాంటి నిరాశ ఎదురైందా?

ఎందుకు ఎదురవదు! మనం ఒకటి కొని ఏడుస్తాం, వాళ్లు లక్షల్లో కొని ఏడుస్తారు.

మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సువాళ్లకు షోషా అనే చిన్న మెషిన్ గన్ ఉండేది. తూటాలు ఎన్ని మిగిలాయో కనబడాలని దాని అర్ధచంద్రాకారపు మ్యాగజైనుకు ఒక పక్క కిటికీలు పెట్టారు. యుద్ధం జరిగింది బురద కందకాల్లో. ఆ కిటికీల్లోంచి ఏం లోపలికి వెళ్లిందో ఊహించుకోండి. అదే యుద్ధంలో కెనడావాళ్ల రాస్ రైఫిలు గురి తప్పేది కాదు, కానీ మట్టి తగిలితే బిగుసుకునేది. సైనికులు దాన్ని వదిలేసి, దొరికితే బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్ అందుకునేవారు. 1916 నాటికి దాన్ని ముందు వరసల నుంచి తప్పించారు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది వియత్నాంలో అమెరికా ఎం-16 కథ. రైఫిలు తేలిక, నమూనా మంచిది. దీన్ని తుడవనక్కర్లేదన్న పేరు వచ్చింది, తుడిచే సామగ్రి సరిపడా పంపలేదు. తూటాలో మందు రకం మార్చారు. తూటా గదికి క్రోమియం పూత వేయకుండా ఆదా చేశారు. ఆ తేమకు గది తుప్పు పట్టి, పేలిన తూటా డొల్ల బయటకు రాకుండా కరుచుకునేది. గొట్టం తుడిచే కడ్డీతో పొడిచి తీయాల్సి వచ్చేది, అదీ ఎదుటివాడు కాలుస్తుండగా. 1967లో అమెరికా ప్రతినిధుల సభ సంఘం విచారణ చేసింది. తరువాత పూత వేశారు, సామగ్రి పంపారు, ఎలా తుడవాలో బొమ్మల పుస్తకం వేసి పంచారు. ఆ తరువాత అదే రైఫిలు దశాబ్దాలు నడిచింది. ఆర్మరర్‌గా పనిచేసినవాడికి ఇందులో ఆశ్చర్యం లేదు.

మన సైన్యం వాడిన ఇన్సాస్ రైఫిలు కూడా అంతే. కార్గిల్‌లో, 1999లో, గడ్డకట్టే చలికి దాని ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయి. మూడు తూటాలకు ఆగాల్సినది ఆగకుండా పేలిందనీ, కంట్లోకి నూనె చిమ్మిందనీ ఫిర్యాదులు వచ్చాయి. తరువాత మార్పులు చేశారు. కానీ ఒకసారి మనసు విరిగాక సిపాయికి ఆ తుపాకి మీద నమ్మకం కుదరదు. సైన్యం కోసం చివరికి 2019లో 72,400 సిగ్ 716 రైఫిళ్లకు అమెరికా కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు.

మన జిల్లాల చరిత్రలో ఇలాంటిది ఏదైనా ఉందా?

కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్. ఆయన రహస్యంగా ఆయుధాలు పోగేస్తున్నాడని 1839లో ఈస్టిండియా కంపెనీవాళ్లకు అనుమానం వచ్చింది. వెళ్లి వెతికితే కోటలో కొలుములతో సహా పెద్ద ఎత్తున ఫిరంగులు, మందుగుండు బయటపడ్డాయి. అంత సరంజామా ఉండి ఆయనకు ఒరిగింది ఏమీ లేదు. ఊరి పక్క జోహరాపురం దగ్గర పోరులో ఓడిపోయి పట్టుబడ్డాడు. తిరుచిరాపల్లికి పంపారు, 1840లో అక్కడే హత్యకు గురయ్యాడు. రాజ్యం కంపెనీ కింద కలిసిపోయింది. అన్ని ఫిరంగులు లేకపోయి ఉంటే కంపెనీకి అంత తేలిగ్గా సాకు దొరికేదా అని నాకొక సందేహం.

ఆడవాళ్ల కోసమని చేసిన తేలిక రివాల్వర్ ఎలా ఉంటుంది?

నిర్భీక్ గురించి అడుగుతున్నారు. 2014లో కాన్పూరులో విడుదల చేశారు. టైటానియం మిశ్రమంతో చేశారు, బరువు 500 గ్రాములు, అప్పటి ధర 1,22,360 రూపాయలు. నిర్భయను తలపించే ఆ పేరు పెట్టి, ఆ ధర పెట్టి ఎవరికి భద్రత అని మహిళా సంఘాలు నిలదీశాయి, సబబే. తూటా అదే పాయింట్ 32. తుపాకి తేలికైతే చేతికి తగిలే దెబ్బ పెరుగుతుంది. కొన్నవారు ముందుగా చేసే ఫిర్యాదు అదే.

కోతుల కోసం ఎయిర్ గన్?

4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్లలోపు శక్తి ఉంటే లైసెన్సు అక్కర్లేదు. అందుకే కొంటారు. కోతి రెండు రోజులు రాదు, మూడోరోజు కోపంగా వస్తుంది. కళ్లు పోగొట్టుకున్న కోతుల్నీ, పిల్లల్నీ చూశాక ఇది బొమ్మ అనే మాట నాకు మింగుడుపడదు.

ఇక వద్దనుకుంటే ఎలా వదిలించుకోవాలి?

కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి. లైసెన్సున్న డీలరుకు గానీ, ఆ బోరుకు లైసెన్సు ఉన్న మరొకరికి గానీ, అధికారులకు తెలియజేసి అమ్మవచ్చు. పన్నెండు బోరు పాతవి అడిగే నాథుడు లేడు. డీలరు గోదాములో ఏళ్లతరబడి ఉంచితే, కట్టిన నెల అద్దెలే తుపాకి ధరను దాటిపోయినవి ఉన్నాయి. అమ్ముడుపోకపోతే స్టేషన్‌లో అప్పగించి, రసీదు తీసుకుని, లైసెన్సు రద్దు చేయించుకోండి. రసీదు మాత్రం పారేయకండి. పదేళ్ల తరువాత ఆ తుపాకి ఏదని అడుగుతూ మనిషి వస్తాడు.

మీకు చూపించాలంటే ఏం తేవాలి?

లైసెన్సు పుస్తకం, అందులో పేరున్న మనిషి, ఖాళీ తుపాకి. తూటాలు ఇంట్లోనే పెట్టి రండి. నేను చూసి చెబుతాను, అంతే. మరమ్మతుకు వేరే లైసెన్సు కావాలి, నాకు లేదు. ఉదయం పది లోపు వస్తే మంచిది, ఆ వెలుగులో గొట్టం లోపలి మచ్చలు స్పష్టంగా కనబడతాయి. గుడ్డలో చుట్టి తెచ్చినా ఫరవాలేదు, గోనెసంచిలో మాత్రం తేవద్దు, ఆ పీచు తాళంలో దూరితే తీయడానికి నాకు అరపూట పడుతుంది.